ఏసీ కంటే ముందు మెకానిక్కుని చూసుకోండి

మార్చి సగం దాటిందంటే రాజమండ్రిలోనూ, కాకినాడలోనూ, భీమవరంలోనూ ఎవరింటికి వెళ్ళినా ఒకటే ప్రశ్న. "ఏసీ కొందామనుకుంటున్నామండీ, ఏ కంపెనీ అయితే మంచిదంటారు?" జవాబు చెప్పడానికి ప్రతివాళ్ళూ సిద్ధంగానే ఉంటారు. బావమరిది వోల్టాస్ అంటాడు. ఎదురింటి బ్యాంకు మేనేజరుగారు డైకిన్ అంటారు. కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన మలికిపురం బాబాయి జనరల్ తప్ప ఇంకో పేరు ఎత్తనివ్వడు. షోరూములో కుర్రాణ్ణి అడిగితే ఆ నెల ఏ కంపెనీ ఎక్కువ ముట్టజెబుతోందో ఆ కంపెనీ పేరే చెప్పి, "ఆయ్, దీనికి తిరుగులేదండి" అని కొసమెరుపు కూడా వేస్తాడు. ఇంతమంది ఇన్ని చెబుతారుగానీ, రోహిణి కార్తెలో ఆ పెట్టె ఆగిపోతే ఎవరొస్తారు, ఎన్నాళ్ళకొస్తారు, వచ్చేటప్పుడు సామాను పట్టుకునే వస్తారా, చూసి వెళ్ళి మళ్ళీ వస్తారా అన్నది ఎవరూ చెప్పరు. మనమూ అడగం. ఏసీ కంపెనీల్ని బేరీజు వెయ్యాల్సింది అక్కణ్ణుంచే అని నా అభిప్రాయం. గోదావరి డెల్టాలో అయితే మరీను.

ఎందుకు మరీను అంటే, మన గాలి వేరు. విల్లిస్ క్యారియర్ 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సు కోసం తన మొదటి యంత్రానికి రూపం ఇచ్చినప్పుడు, ప్రెస్సువాళ్ళు చల్లదనం కావాలని అడగలేదు. గాలిలో తేమకి కాగితం సాగిపోయి రంగు మీద రంగు కుదరడం లేదు, ఆ తేమ సంగతి చూడమన్నారు. మన బాధ కూడా సగం అదే. మే నెలలో నలభై దాటిన ఎండని రాయలసీమ వాళ్ళూ, తెలంగాణ వాళ్ళూ భరిస్తారు. భాద్రపదంలో వాన కురిసి వెలిశాక, కాలవ గట్టున ఆకు కూడా కదలని ఆ ఉక్కపోత మాత్రం మన సొత్తు. అంచేత ఇక్కడ ఏసీ ఏప్రిల్, మే నెలలతో ఆగదు. దసరా దాకా నడుస్తుంది. గదిలోంచి గంటకి లీటరుకి పైగా నీళ్ళు పిండి బయట పోస్తుంది. ఎక్కువ గంటలు నడిచే యంత్రానికి మరమ్మతులూ ఎక్కువే.

తేమ గురించే ఇంకో మాట. "పెద్దది కొంటే త్వరగా చల్లబడుతుంది కదా" అని పది పన్నెండడుగుల గదికి రెండు టన్నుల ఏసీ పెట్టించేవాళ్ళున్నారు. అది అయిదు నిమిషాల్లో గదిని చల్లబరిచి ఆగిపోతుంది. తేమ తియ్యాలంటే కాయిల్ మీదుగా గాలి చాలాసేపు తిరగాలి, దానికి అవకాశమే ఇవ్వదు. గది చల్లగానూ, దుప్పటి చెమ్మగానూ ఉంటాయి. నూట ఇరవై చదరపు అడుగుల గదికి ఒక టన్ను, నూట యాభై నుంచి నూట ఎనభై దాకా ఒకటిన్నర టన్ను చాలు. పైన ఎండ తగిలే స్లాబు, పడమటి గోడ ఉంటే ఒక మెట్టు పెంచుకోవచ్చు. అంతకంటే ముందు స్లాబు మీద తెల్ల సున్నం కొట్టించుకోవడం చవక.

ఉప్పు, మురుగు, బల్లి

అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు కిటికీ ఊచల గతి ఏమిటో అందరికీ తెలుసు. ఔట్‌డోర్ యూనిట్ రేకు, కింద స్టాండు, దాని బోల్టులు అదే దారి పడతాయి. కాయిల్ మీద ఉండే సన్నటి అల్యూమినియం రెక్కల్ని ఉప్పు తేమ ఇంకా ముందే తినేస్తుంది. రాగి గొట్టానికి అల్యూమినియం రెక్క తొడిగి ఉప్పుగాలిలో నిలబెడితే ముందు పోయేది అల్యూమినియమే. రెండు మూడేళ్ళకి వేలితో తాకితే పొడిగా రాలే కాయిళ్ళు తీరం ఊళ్ళలో కొత్త కాదు. ప్రకటనల్లో బ్లూ ఫిన్ అనీ, గోల్డ్ ఫిన్ అనీ చెప్పే రంగు పూత కొంత కాపాడుతుంది. దానికంటే బాగా కాపాడేది రెండు నెలలకోసారి మామూలు మంచినీళ్ళతో ఔట్‌డోర్ యూనిట్‌ని కడగడం. చాలామంది ఇండోర్ ఫిల్టరు మాత్రం శ్రద్ధగా దులిపి, బయట పెట్టెని బిగించిన రోజు తర్వాత కన్నెత్తి చూడరు.

సముద్రానికి దూరంగా ఉన్నాం, మాకేం అనుకునే పట్టణాల వాళ్ళకి మురుగు ఉంది. డ్రైను పక్క సందులోకి ఔట్‌డోర్ యూనిట్ పెట్టడం మనకి అలవాటు. డ్రైనులోంచి వచ్చే కుళ్ళిన గుడ్డు వాసన వాయువు రాగిని నల్లబరిచి, సూదిమొన అంత చిల్లులు పెడుతుంది. ఇండోర్ కాయిల్ కూడా ఇలాగే పోతుంది, బాత్రూము పక్క గదుల్లో ఇంకా తొందరగా. రైసుమిల్లుల దగ్గర ఊక బూడిద సంగతి సరేసరి. అది చిల్లులు పెట్టదుగానీ కాయిల్‌ని పూడ్చేసి కంప్రెసర్‌కి ఊపిరాడనివ్వదు.

"రాగి కాయిల్" అని పెద్ద అక్షరాల స్టిక్కరు చూసి మురిసిపోతాం. మురిసిపోవచ్చు, కానీ కారణం తెలుసుకుని మురవాలి. రాగికీ చిల్లు పడుతుంది. పడితే తణుకులోనో, రావులపాలెంలోనో ఉన్న మెకానిక్కు కూడా మంట పెట్టి అతకగలడు. అల్యూమినియం మైక్రోచానల్ కాయిల్‌కి చిల్లు పడితే దాన్ని అతికేవాళ్ళు మన చుట్టుపక్కల దొరకడం కష్టం, మొత్తం కాయిల్ మార్చుకోవాల్సిందే. రాగిని ఎంచుకోవలసింది ఆ బాగుచేసే వీలు చూసి.

ఇక బల్లి. నవ్వులాట కాదు. పాలకొల్లులో మా పెద్దమ్మగారింట్లో పోయిన వేసవిలో ఔట్‌డోర్ యూనిట్ మూత విప్పితే, బోర్డు మీద సోల్డరు చుక్కల మధ్య ఎండి అతుక్కుపోయిన బల్లి కనబడింది. పక్కనే మాడిన మచ్చ, పైకి ఉబ్బిన కెపాసిటర్. "వారంటీ ఉంది కదయ్యా" అని పెద్దమ్మ అంటే, "పురుగూ పుట్రా వల్ల పోయింది వారంటీలోకి రాదండి అమ్మగారూ" అన్నాడు వచ్చిన కుర్రాడు. కార్డు వెనక సన్నక్షరాల్లో ఆ మాట ఉంది కూడా. కొత్త బోర్డు విజయవాడ నుంచి రావాలన్నారు. వారాలు గడిచాయి, రాలేదు. ఆఖరికి ఊళ్ళోనే టీవీలు బాగుచేసే ఆయన కాలిన ముక్కలు మార్చి నడిపించాడు. ఆ కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఏ కంపెనీ పేరు పెట్టినా కథ ఇంచుమించు ఇలాగే ఉండేది. కొనేటప్పుడు ఔట్‌డోర్ యూనిట్ బోర్డు మూసిన లోహపు పెట్టెలో ఉందా, దాని మీద పూత ఉందా అని అడగండి. బిగించాక వైర్లు లోపలికి వెళ్ళే కన్నాన్ని పుట్టీతో మూయించండి. పది రూపాయల పని.

ఇన్వర్టరు వచ్చాక మారిన సంగతి

ఇరవై ఏళ్ళ కిందటి విండో ఏసీలో పోయేవి మూడే మూడు: కెపాసిటర్, రిలే, ఫ్యాన్ మోటారు. అవి ఏ ఊరి ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరికేవి. ఏ కంపెనీది ఏ కంపెనీకైనా సరిపోయేది. అందుకే అప్పట్లో బ్రాండు అంటే కంప్రెసరే. ఇప్పుడు మార్కెట్లో చాలా వరకు ఇన్వర్టరు ఏసీలే. ఇన్వర్టరులో కంప్రెసర్ వేగాన్ని బోర్డు నడిపిస్తుంది, గది వేడిని బట్టి పెంచుతుంది, తగ్గిస్తుంది. కరెంటు నిజంగానే ఆదా అవుతుంది. కాకపోతే ఆ బోర్డు కంపెనీకొకటి, మోడల్‌కొకటి. పోతే దాని ధర యంత్రం ధరలో నాలుగో వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఎర్రర్ కోడ్ చదవడానికి కంపెనీ మాన్యువల్ కావాలి, అది బయటి మెకానిక్కుకి అందదు. కాబట్టి ఇన్వర్టరు ఏసీ కొన్నవాడు ఆ కంపెనీ సర్వీసుకి కట్టుబడిపోయినట్టే. ఈ ఒక్క మార్పు వల్లే బ్రాండుకి ఇప్పుడు వెనకటికంటే ఎక్కువ విలువ వచ్చింది, అదీ యంత్రం నాణ్యతకి కాదు, సామాను సరఫరాకి.

"స్టెబిలైజర్ అక్కర్లేదు" అనే స్టిక్కరు కూడా ఇక్కడే ముంచుతుంది. దానర్థం ఫలానా వోల్టేజి నుంచి ఫలానా వోల్టేజి దాకా యంత్రం ఆగకుండా నడుస్తుందని. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వేసినప్పుడు కొట్టే దెబ్బకి బోర్డు తట్టుకుంటుందని కాదు. రాజమండ్రి దానవాయిపేటలో స్టెబిలైజర్ లేకుండా నడిపితే నడపొచ్చు. సాయంత్రం ఆక్వా చెరువుల్లో ఏరేటర్లన్నీ ఒక్కసారి తిరిగే ఊళ్ళలో, లైను చివరి ఇంట్లో, స్టెబిలైజర్ పెట్టుకోవడమే మేలు. బోర్డు కంటే అది చవక.

గ్యాస్ సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే మన జేబుల్లోంచి ఎక్కువ డబ్బు పోయేది దానికే. "గ్యాస్ అయిపోయిందండి, కొట్టించాలి" అనే మాట వినని ఇల్లు లేదు. ఏసీలో గ్యాస్ ఖర్చయ్యే వస్తువు కాదు. మూసిన గొట్టాల్లో అది తిరుగుతూనే ఉంటుంది, పదేళ్ళయినా తగ్గకూడదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారే చోటు వెతక్కుండా గ్యాస్ నింపితే మళ్ళీ వేసవికి మళ్ళీ అదే పాట. "లీకు ఎక్కడుందో చూపించు బాబూ, నైట్రోజన్ పెట్టి చూశావా" అని అడిగితే చాలు, సగం మంది గ్యాస్ మాట మానేసి ఫిల్టరు కడుగుతారు. ఈమధ్య వచ్చే యంత్రాల్లో ఎక్కువగా ఉండేది ఆర్32. అంతకు ముందు ఆర్410ఏ ఉండేది, అందులో సగం ఆర్32, సగం ఇంకో వాయువు. అది కారినప్పుడు మొత్తం ఖాళీ చేసి తూకం వేసి నింపడమే సరైన పద్ధతి. ఆర్32 ఒకే వాయువు కాబట్టి ఆ చిక్కు తక్కువ. భూతాపం పెంచే గుణమూ 410ఏ కంటే మూడో వంతే. కాకపోతే కొద్దిగా మండే స్వభావం ఉంది. గోద్రెజ్ 2012 నుంచి ఆర్290, అంటే ప్రొపేన్, వాడింది. పర్యావరణానికి అన్నిటికంటే మేలైనది అదే, కానీ శిక్షణ లేని చేతికి అప్పజెప్పకూడదు. పాత ఆర్22 ఏసీలు ఇంకా నడుపుతున్నవాళ్ళకి ఒక సూచన: మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 2030 నాటికి ఆ వాయువు తయారీ ముగించాలి. దానికి పెద్ద మరమ్మతు వస్తే డబ్బు పొయ్యకండి.

పేర్ల వెనక ఏముంది

మన దేశంలో 2020 అక్టోబరులో గ్యాస్ నింపిన ఏసీల దిగుమతిని కేంద్రం ఆపేసింది. తర్వాతి ఏడాది ఏసీలకీ, ఎల్ఈడీలకీ కలిపి రూ.6,238 కోట్ల ప్రోత్సాహక పథకం ప్రకటించింది. ఆ ఊపులో ఎక్కువ లాభపడ్డది మన రాష్ట్రం దక్షిణపు కొసన, తడ పక్కన ఉన్న శ్రీసిటీ. బ్లూస్టార్ 2023 జనవరిలో అక్కడ ఉత్పత్తి మొదలుపెట్టింది. డైకిన్ కర్మాగారం అదే ఏడాది నవంబరులో తెరిచారు. హావెల్స్ 2017లో కొనుక్కున్న లాయిడ్ కూడా అక్కడే తయారవుతోంది. ఎల్జీ సుమారు రూ.5,000 కోట్లతో కట్టే ప్లాంటుకి 2025 మే 8న శంకుస్థాపన జరిగింది. ఆంధ్రలో తయారైన ఏసీ ఆంధ్రలోనే బిగించుకోవడం సంతోషమే. కానీ శ్రీసిటీ మనకి సుమారు అయిదు వందల కిలోమీటర్లు, పైగా అక్కణ్ణుంచి బోర్డు నేరుగా మన ఊరు రాదు. కంపెనీ గోదాము, అక్కణ్ణుంచి ఫ్రాంచైజీ, అక్కణ్ణుంచి మనిషి. ఫ్యాక్టరీ దగ్గరైనంత మాత్రాన సర్వీసు దగ్గరవదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మార్కెట్లో కనబడే పేర్లు పాతిక, ముప్ఫై ఉన్నా, వాటిలో చాలావాటిని తయారుచేసేది ఆంబర్, ఈప్యాక్ వంటి కొద్ది కంపెనీలే. పేరు ఒకరిది, తయారీ ఇంకొకరిది. కంప్రెసర్ మూడోవాళ్ళది. అందుకే టీవీలూ, ఫోన్లూ అమ్ముకునే బ్రాండు హఠాత్తుగా ఏసీ కూడా పెట్టిందంటే, పెట్టె చెడ్డదని కాదు, రేపు ఆ బ్రాండు ఏసీలు మానేస్తే బోర్డు ఎవరిస్తారన్నది అనుమానం. నాలుగైదు వేలు తక్కువకి ఆన్‌లైన్లో వచ్చే అలాంటి పేర్లని డెల్టాలో ఎవరికీ సిఫారసు చెయ్యలేను.

అసలైన ఏసీ కంపెనీల్లోకి వస్తే, వోల్టాస్ 1954లో టాటాలూ, స్విట్జర్లాండ్ వోల్కార్ట్ సోదరులూ కలిసి పెట్టినది. ఇళ్ళ ఏసీల అమ్మకాల్లో చాలా ఏళ్ళుగా మొదటి స్థానం దానిదే. ఎక్కువ అమ్ముడుపోయిందంటే ఎక్కువమంది చేతులు దాన్ని విప్పాయని. మండపేటలోనైనా, రాజోలులోనైనా వోల్టాస్ చూడని మెకానిక్కు ఉండడు, పాత యంత్రాల నుంచి తీసిన సామాను కూడా దొరుకుతుంది. యంత్రం డైకిన్ అంత నిశ్శబ్దమూ కాదు, అంత నాజూకూ కాదు. సీజన్లో కంపెనీ సర్వీసు ఒత్తిడికి చేతులెత్తెయ్యడమూ ఉంది. కానీ కంపెనీ రాకపోయినా ఎవరో ఒకరు బాగుచెయ్యగలరన్నది పల్లెలో చిన్న ధీమా కాదు.

బ్లూస్టార్ 1943 నాటిది. దాని అసలు వ్యాపారం పెద్ద భవనాల ఏసీలు, కోల్డ్ రూములు, డీప్ ఫ్రీజర్లు. మన దగ్గర రొయ్యలూ, ఐస్‌క్రీములూ, పాలూ ఉన్న చోటల్లా శీతలీకరణ పని తెలిసిన చేతులు ఉండనే ఉంటాయి. చల్లబరిచే పనినే వృత్తిగా పెట్టుకున్న కంపెనీల మెకానిక్కులు బోర్డు మార్చడం ఒక్కటే కాకుండా లీకు వెతకడం కూడా తెలిసినవాళ్ళు అన్నది నేను చూసినంతలో నిజం. డైకిన్ 1924లో ఒసాకాలో పుట్టింది. ఏసీయే దాని ప్రాణం. కంప్రెసరూ, గ్యాసూ కూడా సొంతంగా చేసుకుంటుంది. ఆర్32ని ఇళ్ళ ఏసీల్లోకి 2012లో మొదట తెచ్చింది అదే. యంత్రం విషయంలో వంకపెట్టేది తక్కువ. సామాను ఖరీదు ఎక్కువ, బయటి మెకానిక్కులు చెయ్యి పెట్టడానికి జంకుతారు. ఎల్జీకి టీవీలూ, ఫ్రిజ్‌లూ, వాషింగ్ మెషీన్లూ ఉండటం వల్ల సర్వీసు సెంటర్లు చిన్న పట్టణాల దాకా పాకాయి. ఫోన్ చేస్తే కంప్లయింటు నంబరు మాత్రం ఠంచనుగా వస్తుంది, మనిషి ఎప్పుడొస్తాడన్నది మీ ఊరి అదృష్టం.

మలికిపురం బాబాయి చెప్పే ఓ జనరల్ జపాను ఫుజిత్సు జనరల్ తెచ్చిన పేరు. గల్ఫ్ ఎండల్లో పేరు తెచ్చుకుంది, అక్కడ పనిచేసినవాళ్ళు దాన్ని కళ్ళారా చూశారు. మాట నిజమే, బరువైన యంత్రం, యాభై డిగ్రీల్లోనూ కూలింగ్ ఇస్తుంది. కానీ కువైట్‌లో మెకానిక్కు మేడ దిగితే దొరుకుతాడు, సఖినేటిపల్లిలో దొరకడు. ధర కూడా పైమెట్టులో ఉంటుంది. హిటాచీ యంత్రాలకి మంచి పేరే, అయితే యాజమాన్యం 2015లో జాన్సన్ కంట్రోల్స్‌తో ఉమ్మడి అయింది, 2025లో బాష్ చేతికి వెళ్ళింది. ఇలా చేతులు మారుతున్నప్పుడు సామాను గోదాములు సర్దుకునే దాకా ఆగి చూడటం మంచిది. మిత్సుబిషి అంటే రెండు కంపెనీలు, ఎలక్ట్రిక్ ఒకటి, హెవీ ఇంకొకటి. ఒకదాని సర్వీసుకి ఫోన్ చేసి ఇంకోదాని కోసం పోట్లాడేవాళ్ళున్నారు. లాయిడ్, శాంసంగ్, పానసోనిక్, క్యారియర్, హయర్ అన్నీ వాడదగ్గవే, మీ పిన్‌కోడుకి మనిషి ఉంటే.

పంటు దాటి వచ్చేదెవరు

మ్యాపు చూసి సర్వీసు సెంటరు దగ్గర అనుకోవడం డెల్టాలో కుదరదు. నరసాపురం రేవులో నిలబడితే అవతలి ఒడ్డున సఖినేటిపల్లి కళ్ళెదురుగా ఉంటుంది. పంటు మీద దాటాలి. లేదంటే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి. పైగా ఇవతలి ఒడ్డు పశ్చిమ గోదావరి జిల్లా, అవతలి ఒడ్డు 2022 నుంచి కోనసీమ జిల్లా. జిల్లాలనో, పిన్‌కోడులనో బట్టి పరిధులు పంచే కంపెనీల్లో కంటికి కనబడే సెంటరు మీది కాదు, మీకు అమలాపురం నుంచి రావాలి. లంక గ్రామాల వాళ్ళకి ఇది ఇంకా కష్టం.

వచ్చేవాళ్ళ కోణం కూడా చూడాలి. కంపెనీ సర్వీసు అంటే ఎక్కువగా కంపెనీ ఉద్యోగులు కారు, ఫ్రాంచైజీ తీసుకున్న స్థానిక వ్యాపారి, ఆయన దగ్గర పనిచేసే కుర్రాళ్ళు. వారంటీలో ఉన్న ఏసీ చూసినందుకు కంపెనీ ఇచ్చే కూలి కొద్దిపాటిది. పెట్రోలు ఖర్చు పోను మిగిలేది లేదు. అందుకే వార్షిక నిర్వహణ ఒప్పందం అంటగట్టడం, గ్యాస్ పేరు చెప్పడం. కుర్రాణ్ణి తిట్టి లాభం లేదు, తప్పు పద్ధతిలో ఉంది. ఔట్‌డోర్ యూనిట్‌ని మూడో అంతస్తు గోడకి, కాలు పెట్టే చోటు లేకుండా వేలాడగట్టి, దాన్ని తాడు కట్టుకుని బాగుచెయ్యమనడం కూడా మనం చేసే తప్పే. ఎక్కువ డబ్బిస్తామన్నా రాని మెకానిక్కుల్ని చూశాను. రానందుకు వాళ్ళని మెచ్చుకోవాలి. యూనిట్‌ని సన్‌షేడు మీదో, డాబా మీద నీడలోనో పెడితే బాగుచేసేవాడి ప్రాణమూ, మన ఖర్చూ రెండూ తగ్గుతాయి.

కొనేముందు చెయ్యాల్సిన పరీక్ష పెద్దదేం కాదు. మీరనుకున్న కంపెనీ టోల్‌ఫ్రీకి ఫోన్ చేసి మీ పిన్‌కోడు చెప్పి, ఆ పరిధి చూసే సెంటరు పేరు, ఊరు అడగండి. ఆ సెంటరుకి వెళ్ళి, లేదా ఫోన్ చేసి, మీరు కొనబోయే మోడల్‌కి ఔట్‌డోర్ బోర్డు ఎంత, ఇండోర్ కాయిల్ ఎంత, స్టాకు ఉంటుందా అని అడగండి. చెప్పలేకపోతే అదే జవాబు. తర్వాత మీ వీధిలో ఫ్రిజ్‌లు బాగుచేసే ఆయన్ని అడగండి. ఆయనకి ఏ కంపెనీ కమీషనూ రాదు.

వారంటీ కార్డులో కంప్రెసర్‌కి పదేళ్ళు అని ఉంటుంది. కంప్రెసర్ అరుదుగా పోతుంది, అందుకే పదేళ్ళు ఇస్తారు. మొదటి ఏడాది దాటాక గ్యాసూ, కూలీ చాలావరకు మనవే. కాయిల్‌కీ, బోర్డుకీ ఎన్నేళ్ళు అన్నది అసలు ప్రశ్న. అయిదేళ్ళు మొత్తం యంత్రానికి వారంటీ ఇచ్చే మోడల్ ఉంటే రెండు మూడు వేలు ఎక్కువైనా అదే తీసుకోండి. తీరప్రాంతంలో తుప్పుని వారంటీ నుంచి తప్పించారేమో చూసుకోండి.

నక్షత్రాలు, కరెంటు బిల్లు

ఏసీలకి స్టార్ గుర్తు 2010 జనవరి నుంచి తప్పనిసరి. లేబుల్ మీది వార్షిక యూనిట్లు 1,600 గంటల వాడకానికి లెక్కకట్టినవి. ఒకటిన్నర టన్ను ఏసీల్లో 3 స్టార్‌కీ, 5 స్టార్‌కీ మధ్య తేడా ఆ గంటలకి దాదాపు రెండు వందల యూనిట్లు. 2026 జనవరి నుంచి కొలతలు మళ్ళీ బిగించారు, నిన్నటి 5 స్టార్ ఇవాళ్టి లెక్కలో తగ్గిపోతుంది. కాబట్టి పాత స్టాకు బేరం పెట్టినప్పుడు నక్షత్రాల్ని కాకుండా యూనిట్ల అంకెని చూడండి. మన తూర్పు డిస్కమ్ పరిధిలో గృహాలకి 126 నుంచి 225 యూనిట్ల దాకా ఆరు రూపాయలు, ఆపైన 400 దాకా రూ.8.75, 400 దాటితే రూ.9.75. నెలకి 150 యూనిట్లు కాల్చే ఇల్లు రాత్రిళ్ళు ఏసీ వేసి 320కి చేరితే, పెరిగిన 170 యూనిట్లకి సుంకాలు కాకుండా రూ.1,281 అవుతుంది. రాత్రి మాత్రమే వాడే ఇంటికి 3 స్టార్ చాలు. ఆ మిగిలిన డబ్బుతో స్టెబిలైజర్ కొనండి. ముసలివాళ్ళుండి పగలూ రాత్రీ నడిపే ఇంటికి 5 స్టార్ నాలుగైదేళ్ళలో తన తేడా తెచ్చిపెడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, బిల్లులో ఆ తగ్గింపు కనబడాలి.

ఏ బ్రాండైనా బిగించే రోజే సగం ఆయుష్షు తేలిపోతుంది. గొట్టాలు కలిపాక వ్యాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలినీ, తేమనీ లాగెయ్యాలి. సీజన్లో రోజుకి అరడజను ఫిట్టింగులున్న కుర్రాడు పంపు బండి మీంచి దించడు. యంత్రంలోని గ్యాస్‌నే కొంచెం వదిలి గాలిని ఊదేస్తాడు. తేమ లోపల మిగిలిపోతుంది. ఆ ఫలితం రెండేళ్ళ తర్వాత కంప్రెసర్‌లో కనబడుతుంది, అప్పటికి ఎవరిదీ బాధ్యత కాదు. పంపు దించకపోతే బిగించనివ్వకండి. ఫ్లేర్ నట్లకి సబ్బునురుగు పెట్టి చూపించమనండి. నీళ్ళ పైపుకి వాలు ఉందో లేదో మగ్గుతో నీళ్ళు పోసి చూడండి.

ఇంత చేసినా సర్వీసువాళ్ళు తిప్పుతుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, ముందు దానికి చెప్పండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో అయిదు లక్షల దాకా చెల్లించిన కొనుగోళ్ళ కేసులకి ఫీజు లేదు, గడువు రెండేళ్ళు. వచ్చిన ప్రతిసారీ జాబ్ షీటు మీద తారీఖూ, చేసిన పనీ రాయించుకుని దాచండి, కేసు నిలబడేది ఆ కాగితం మీదే.

ఒక్క పేరు చెప్పమని పట్టుబట్టేవాళ్ళకి: రాజమండ్రి, కాకినాడ, భీమవరం, ఏలూరుల్లో ఇల్లయితే బ్లూస్టార్ నా మొదటి ఎంపిక, బోర్డు ధర భరించగలిగితే డైకిన్. కోనసీమ పల్లెల్లో, లంకల్లో, రైలు స్టేషను లేని ఊళ్ళలో రాగి కాయిల్ ఉన్న 3 స్టార్ వోల్టాస్, పక్కన స్టెబిలైజర్. మీ పిన్‌కోడు పరీక్షలో ఎల్జీ నెగ్గితే నాకేం అభ్యంతరం లేదు. ఏది కొన్నా సంక్రాంతి వెళ్ళాక కొని శివరాత్రిలోపు బిగించుకోండి. ధరలు అప్పుడే దిగి ఉంటాయి, మెకానిక్కుకి పంపు దించే తీరికా అప్పుడే ఉంటుంది.